ముందు విడదీయనివ్వండి, పేర్లు తర్వాత చెప్పండి

నల్లగొండ జిల్లా మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్లలో జనం ఏళ్ల తరబడి తాగిన బావి నీళ్లు, బోరు నీళ్లు చూపుకు తేటగానే ఉండేవి. గ్లాసులో పోస్తే అడుగు కనిపించేది. గుడ్డలో వడకడితే గుడ్డకేమీ అంటేది కాదు. రాత్రంతా బిందెలో ఉంచినా మడ్డి దిగేది కాదు. ఆ నీళ్లే పిల్లల పళ్లకు గోధుమరంగు మచ్చలు తెచ్చాయి, పెద్దల నడుములు వంచాయి, కీళ్లను బిగదీశాయి. వాటిలో కరిగి ఉన్నది ఫ్లోరైడ్. మన దేశంలో ఈ జబ్బు మొదట వైద్య పత్రికకెక్కింది తెలుగు నేల మీది నుంచే. 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో వైద్యులు దీన్ని గుర్తించి రాశారు.

చెరువు నీళ్లు బురదగా ఉంటే ఏం చేయాలో పల్లెల్లో ఆడవాళ్లకు బాగా తెలుసు. కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి నీళ్లు పోస్తే కాసేపటికి మట్టి అడుక్కి దిగి పైన తేట నిలిచేది. పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పినా అంతే. బురదకు పనిచేసిన ఉపాయం ఫ్లోరైడ్‌కు ఎందుకు పనిచేయలేదు? వడకట్టినా, తేర్చినా, చివరికి మరిగించినా ఎందుకు పోలేదు? మరిగిస్తే నీళ్లు ఆవిరై, మిగిలిన దాంట్లో ఫ్లోరైడ్ పాలు పెరుగుతుంది కూడా.

దీనికి జవాబు తొమ్మిదో తరగతి పిల్లల సైన్సు పుస్తకంలో ఉంది. పదార్థాన్ని శుద్ధ పదార్థాలు, మిశ్రమాలు అని రెండుగా విడగొట్టే పాఠం అది. శుద్ధ పదార్థాల్లో మళ్లీ మూలకాలు, సంయోగ పదార్థాలు. మిశ్రమాల్లో సజాతీయం, విజాతీయం. ఆ తర్వాత ద్రావణం, కొల్లాయిడ్, అవలంబనం. కొమ్మలు వేసుకుంటూ పోయే ఆ పటం ఏటా లక్షల మంది పిల్లల నోటుబుక్కుల్లోకి ఎక్కుతుంది. గాలి ఏ రకం, పాలు ఏ రకం, ఇత్తడి ఏ రకం అని పరీక్షలో అడుగుతారు. పిల్లలు రాస్తారు, మార్కులూ వస్తాయి. ఆ పటంలోని ఒక గీతకు ఇటు అవలంబనమైన బురద నీళ్లు, అటు ద్రావణమైన ఫ్లోరైడ్ నీళ్లు ఉన్నాయన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. ఎందుకంటే ఆ పాఠాన్ని బడుల్లో వెనక నుంచి ముందుకు చెబుతున్నారు. పేర్లు మొదట వస్తున్నాయి. విడదీసే పని చివర్లో, తీరిక ఉంటే వస్తోంది, లేకపోతే బొమ్మ గీయించి వదిలేస్తున్నారు. ఈ వరసను తిరగేయాలి.

రసాయన శాస్త్రం కూడా పేర్లు ముందు పెట్టుకుని పెరగలేదు. 1789లో ఫ్రాన్స్‌లో లవోయిజియే తన పాఠ్యగ్రంథంలో 33 మూల పదార్థాల జాబితా ఇచ్చాడు. మూలకం అంటే ఆయన చెప్పిన అర్థం చాలా నిజాయితీగా ఉంటుంది: ఇప్పటికి చేతనైన పద్ధతులన్నీ వాడినా ఇంకా విడదీయలేకపోయిన పదార్థం. ఆ జాబితాలో ఆక్సిజన్, గంధకం, బంగారంతో పాటు వెలుతురు, వేడిమి కూడా ఉన్నాయి. సున్నం కూడా ఉంది. సున్నాన్ని ఎంత కాల్చినా అది మరో రెండుగా విడిపోయిన దాఖలా అప్పటికి లేదు కాబట్టి దాన్ని అక్కడ పెట్టాడు. 1808లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ విద్యుత్తును వాడి సున్నం నుంచి కాల్షియం అనే లోహాన్ని బయటికి లాగాడు. దాంతో సున్నం మూలకాల వరసలోంచి దిగి సంయోగ పదార్థాల్లో చేరింది. సున్నంలో అణుమాత్రం మార్పు రాలేదు. విడదీసే సాధనం మాత్రం కొత్తది వచ్చింది.

పటంలోని ప్రతి పెట్టె వెనక ఇలాంటి పని ఒకటి ఉంది. సంయోగ పదార్థానికీ మిశ్రమానికీ తేడా ఏమిటన్న దాని మీద ఇద్దరు ఫ్రెంచి రసాయనవేత్తలు, ప్రూస్ట్, బెర్తొలే, ఏళ్ల తరబడి వాదించుకున్నారు. గనిలో దొరికినా, ప్రయోగశాలలో చేసినా రాగి కార్బనేట్‌లో రాగి పాలు ఒక్కటేనని ప్రూస్ట్ 1799లో తూచి చూపించాడు. పాళ్లు మారుతూ పోవచ్చని బెర్తొలే పట్టుబట్టాడు. బెర్తొలే చూపిన ఉదాహరణల్లో చాలా వాటిని ప్రూస్ట్ తీసుకుని, అవి నిజానికి ఒకటికి మించిన పదార్థాల కలయికలని నిరూపించాడు. సంయోగంలో పాళ్లు స్థిరం, మిశ్రమంలో పాళ్లు మన ఇష్టం అని ఇవాళ పిల్లలు ఒక వాక్యంలో రాసే తేడా తక్కెడ మీద తేలిన తగాదా.

అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ గాలి. గాలిలోంచి ఆక్సిజన్, తేమ, కార్బన్ డయాక్సైడ్ తీసేస్తే మిగిలేది నైట్రోజన్ అని పంతొమ్మిదో శతాబ్దంలో అందరూ నమ్మారు. ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ నైట్రోజన్ సాంద్రతను తూచడానికి కూర్చున్నాడు. ఒకే గాజు బుడ్డిని గాలి నుంచి తీసిన నైట్రోజన్‌తో నింపితే సుమారు 2.310 గ్రాములు తూగింది. అమోనియా వంటి రసాయనాల నుంచి తీసిన నైట్రోజన్‌తో నింపితే సుమారు 2.299 గ్రాములు. తేడా గ్రాములో వందో వంతు. ఇంకొకరైతే ఆ అంకెను సర్దేసి సగటు తీసేవారు. రేలీ వదల్లేదు. మళ్లీ మళ్లీ తూచాడు, తేడా పోలేదు. 1892లో పత్రికకు ఉత్తరం రాసి, దీనికి కారణం ఎవరైనా చెప్పగలరా అని రసాయనవేత్తలను అడిగాడు. విలియం రామ్సే ఆయనతో కలిశాడు. గాలి నైట్రోజన్‌ను వేడి మెగ్నీషియం మీదుగా పదేపదే పంపితే నైట్రోజన్ మెగ్నీషియంతో కలిసిపోయింది, దేనితోనూ కలవని వాయువొకటి మిగిలిపోయింది. అదే ఆర్గాన్. 1894లో ప్రపంచానికి తెలిసింది. గాలిలో దాని వంతు దాదాపు 0.93 శాతం, కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రతి మనిషీ ప్రతి ఊపిరిలో పీల్చే వాయువు అంతకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు. 1904లో రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్సేకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి. ఇంకో విశేషం ఉంది. అంతకు నూరేళ్లకు పైగా ముందే, 1785లో, శాస్త్రవేత్త కావెండిష్ గాలి మీద ప్రయోగం చేస్తూ నైట్రోజన్‌లో నూట ఇరవయ్యో వంతుకు మించని చిన్న బుడగ ఒకటి ఎంత చేసినా కరగకుండా మిగిలిందని రాసిపెట్టాడు. దాని సంగతి తేల్చే సాధనం ఆయన దగ్గర లేదు.

గాలి సజాతీయ మిశ్రమం అని బోర్డు మీద రాసే టీచరు ఈ కథ ఒక్కటి చెప్పినా ఆ వాక్యానికి ప్రాణం వస్తుంది.

విడదీసే పనిని పిల్లలకు చూపించడానికి ఇంగ్లండ్ దాకా వెళ్లక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా నౌపడలో, బాపట్ల దగ్గరి చినగంజాంలో ఉప్పు మడులున్నాయి. సముద్రపు నీళ్లు నూరు కిలోలు తీసుకుంటే అందులో లవణాలన్నీ కలిపి సుమారు మూడున్నర కిలోలు. వాటిలో మూడొంతులకు పైగా మనం తినే ఉప్పు, మిగతావి కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం లవణాలు. నీళ్లను ఒక మడి నుంచి ఇంకో మడికి పారిస్తూ ఎండకు చిక్కబరుస్తారు. చిక్కదనాన్ని బామే డిగ్రీల్లో కొలుస్తారు. మొదట సున్నపు రాయి లాంటి కాల్షియం కార్బనేట్ దిగిపోతుంది, ఆ తర్వాత జిప్సం. 25 డిగ్రీల దగ్గరికి వచ్చాక ఉప్పు పలుకులు కట్టడం మొదలవుతుంది. దాదాపు 29, 30 డిగ్రీలు వచ్చేసరికి మిగిలిన చేదు నీళ్లను బయటికి వదిలేయాలి. ఆలస్యం చేస్తే మెగ్నీషియం లవణాలు కూడా ఉప్పుతో కలిసి గడ్డకడతాయి. అలాంటి ఉప్పు నాలుకకు చేదు తగులుతుంది, గాలిలో తేమ పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. ఏ మడిలో నీళ్లు ఎప్పుడు నిలపాలి, ఎప్పుడు వదలాలి అన్నది ఉప్పు రైతు చేసే నిర్ణయం. పుస్తకంలో ‘స్ఫటికీకరణం’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది ఇదే. ఒకే ద్రావణంలోంచి ఒక్కో లవణాన్ని దాని వంతు వచ్చినప్పుడు బయటికి తీయడం. తీరంలోని బడులు ఎండాకాలం సెలవులకు ముందు పిల్లలను ఒక్క పూట మడుల గట్ల మీదికి తీసుకెళ్తే, ద్రావణం, సంతృప్త ద్రావణం, స్ఫటికం అన్నవి కాళ్ల కింద కనిపిస్తాయి.

బంగారం సంగతీ అంతే. ఇంట్లో పెళ్లి అంటే 916 అన్న అంకె తెలియని వాళ్లుండరు. 24 పాళ్లలో 22 పాళ్లు బంగారం, మిగతా రెండు పాళ్లు రాగి, వెండి వంటివి. మేలిమి బంగారం మూలకం, మెడలో గొలుసు సజాతీయ మిశ్రమం. గొలుసును కంటితో ఎంత చూసినా, భూతద్దం పెట్టినా రాగి వేరుగా కనిపించదు. అందుకే కంసాలి గీటురాయి మీద గీసి, ఆ గీత మీద ఆమ్లం చుక్క వేసి రంగు చూసేవాడు. ఇప్పుడు హాల్‌మార్కు కేంద్రాల్లో ఎక్స్-రే యంత్రాలొచ్చాయి. తగాదా తేలాల్సిన చోట మాత్రం ముక్క కత్తిరించి, సీసంతో కరిగించి, నత్రికామ్లంలో వెండిని కరిగించి, మిగిలిన బంగారాన్ని తూచే పాత పద్ధతినే నమ్ముతారు. 2021 జూన్ నుంచి హాల్‌మార్కును దశలవారీగా తప్పనిసరి చేశారు. ముద్ర వెనక ఉన్నది విడదీసి తూచే పనే అని నగ కొనే తల్లికి తెలిస్తే దుకాణంలో ఆమె అడిగే ప్రశ్నలు మారతాయి.

కొల్లాయిడ్ల మీద మన పుస్తకాలు వెచ్చించేది ఒకటి రెండు పేజీలు. పాలు, పొగమంచు, టిండాల్ ప్రభావం అని ఉదాహరణలిచ్చి ముగిస్తాయి. 1861లో థామస్ గ్రాహం ఈ వర్గాన్ని ఎలా కనిపెట్టాడో చెప్పవు. పలచని పొర ఒకటి అడ్డంగా కట్టి, దానికి ఒక పక్క కలగలిపిన ద్రవం, ఇంకో పక్క మంచినీళ్లు ఉంచాడు. ఉప్పు, చక్కెర వంటివి పొర దాటి నీళ్లలోకి వెళ్లాయి. జిగురు, బంక వంటివి దాటలేదు. ఆ వేరుచేసే పనికి ఆయన పెట్టిన పేరే డయాలసిస్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ అదే సూత్రంతో, సెలోఫేన్ గొట్టాలతో, మూత్రపిండాలు పాడైన మనిషి రక్తాన్ని శుభ్రం చేసే యంత్రం కట్టాడు. రక్తంలోని కణాలు, ప్రొటీన్లు పొర ఇవతల ఉండిపోతాయి, యూరియా అవతలికి వెళ్లిపోతుంది. ఇవాళ శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి పలాసకో సోంపేటకో డయాలసిస్‌కు వెళ్లి వచ్చే తండ్రి ఉన్న పిల్లవాడికి, కొల్లాయిడ్ పాఠం మార్కుల పాఠం కాకూడదు. తన తండ్రి చేతికి తగిలించిన యంత్రం ఏం చేస్తోందో ఆ పాఠం వాడికి చెప్పగలగాలి.

ఇక తాగే నీళ్లు. ఊరూరా వెలసిన వాటర్ ప్లాంట్ల దగ్గర చిన్న పెన్ను లాంటి మీటరు నీళ్లలో ముంచి, టీడీఎస్ ఇంత అని చూపిస్తారు. అంకె తక్కువ వస్తే నీళ్లు మంచివని జనం క్యాను నింపుకుని వెళ్తారు. ఆ మీటరు కొలిచేది నీళ్లలో విద్యుత్తు ఎంత పారుతోందన్నది. దాన్నిబట్టి కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత ఉండవచ్చో లెక్క కడుతుంది. ఏ లవణం ఎంత ఉందో అది చెప్పలేదు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు మొత్తం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. ఫ్లోరైడ్ మాత్రం 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఫ్లోరైడ్ మూడు మిల్లీగ్రాములున్న నీళ్లలోనూ టీడీఎస్ మీటరు 400 చూపించవచ్చు. ఆ మూడు ఆ నాలుగొందల్లో కలిసిపోతుంది. మిశ్రమంలో మొత్తం తెలియడం వేరు, అందులో ఏముందో తెలియడం వేరు. ఈ ఒక్క తేడా అర్థమైన కుటుంబం నీళ్ల దగ్గర మోసపోదు.

నల్లగొండ పేరుతోనే ప్రపంచానికి తెలిసిన పద్ధతి ఈ పాఠానికి సరైన ముగింపు ప్రయోగం అవుతుంది. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని రూపొందించారు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా కలుపుతారు. పటికలోని అల్యూమినియం నీళ్లలో దూది పింజల్లాంటి తెల్లని ముద్దలు కడుతుంది. ఫ్లోరైడ్ ఆ ముద్దలను అంటిపెట్టుకుంటుంది. ముద్దలు బరువుకి అడుక్కి దిగుతాయి. పై నీళ్లు తీసి వడకడితే ఫ్లోరైడ్ తగ్గి ఉంటుంది. బురద తేర్చడానికి వేసే పటిక దీనికి చాలదు, చాలా ఎక్కువ కావాలి. మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్న చిక్కూ ఉంది. అయినా ఇందులోని ఉపాయం అందమైనది. కరిగి ఉన్నదాన్ని వడకట్టలేరు కాబట్టి, ముందు దాన్ని వడకట్టగలిగే వర్గంలోకి మార్చారు. పటంలో ఒక కొమ్మ మీది పదార్థాన్ని ఇంకో కొమ్మ మీదికి తెచ్చారు. తర్వాత మిషన్ భగీరథ తాగునీటి పథకం పైపుల్లో నది నీళ్లు రావడంతో ఆ ఊళ్ల పరిస్థితి మారింది. పద్ధతి విలువ మాత్రం అలాగే ఉంది.

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ మా బడిలో ల్యాబు ఎక్కడిది, సిలబస్ ఎప్పుడు అవుతుంది అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క మాస్టారు అయిదు తరగతులు చూసుకునే బడుల్లో ప్రయోగం చేయించడం తేలిక కాదు. కానీ ఈ పాఠానికి ల్యాబు అక్కర్లేదు. సుద్దముక్కకు అడుగు నుంచి వేలి వెడల్పు ఎత్తున నల్ల స్కెచ్ పెన్నుతో చుట్టూ గీత గీయాలి. పళ్లెంలో ఆ గీతకు తగలనంత నీళ్లు పోసి సుద్దముక్కను నిలబెట్టాలి. నీళ్లు సుద్దలోకి పాకుతూ గీతను దాటి పైకెక్కుతాయి. వాటి వెంట నలుపు సాగుతుంది, సాగుతూ చీలుతుంది. పెన్నును బట్టి నీలం ఒక ఎత్తున, గులాబీ ఇంకో ఎత్తున, పసుపు మరోచోట పట్టీలుగా తేలతాయి. పావుగంట కూడా పట్టదు. ఆ నలుపు ఒక్కటి కాదని పిల్లలు తామే చూస్తారు. క్రొమటోగ్రఫీ అన్న పేరు అప్పుడు చెప్పాలి. రెండు గ్లాసుల్లో ఒకదాంట్లో ఉప్పు నీళ్లు, ఇంకోదాంట్లో నాలుగు చుక్కలు పాలు కలిపిన నీళ్లు పెట్టి, గది తలుపులు మూసి, ఫోను టార్చి పక్క నుంచి వేస్తే, పాల నీళ్లలో వెలుగు దారి కనిపిస్తుంది. ఉప్పు నీళ్లలో కనిపించదు. టిండాల్ ప్రభావం అంటే ఇదే. ఉప్పు, ఇసుక, ఇనుప రజను కలిపి ఇచ్చి, అయస్కాంతం, నీళ్లు, గుడ్డ, స్టవ్వు ఇచ్చి, మూడింటినీ వేరు చేసి పొడిగా తూచి ఇమ్మంటే, ఒక పీరియడ్‌లో తొంభై పాళ్లు పాఠం వాళ్ల చేతుల్లోకి వస్తుంది. మొదట ఎంత కలిపారో, చివరికి ఎంత వచ్చిందో తూకాలు సరిపోకపోతే ఎక్కడ పోయిందో వాళ్లనే వెతకమనాలి. రేలీ చేసింది అదే.

ఈ పటం గీతలు అంత గట్టివి కావన్నది కూడా పిల్లలకు దాచకూడదు. వుస్టైట్ అనే ఇనుప ఆక్సైడ్‌లో పరమాణువుల లెక్కన ఆక్సిజన్ ఒక పాలుకు ఇనుము కచ్చితంగా ఒక పాలు ఉండదు, 0.95 చుట్టూ అటూ ఇటూ మారుతుంది. బెర్తొలే ఓడిపోయాడని రాసిన శాస్త్రమే, పాళ్లు స్థిరంగా లేని ఇలాంటి సంయోగాలకు ఆయన పేరు మీద బెర్తొలైడ్లు అని పేరు పెట్టింది. పదిహేనేళ్ల పిల్లవాడికి ఇది బరువేమీ కాదు. నిజానికి వాడికి నచ్చేది ఇదే.

మార్పు రావాల్సింది ముందు పరీక్ష పేపర్లో. గాలి ఏ రకం అని అడిగే ప్రశ్న స్థానంలో, ఒక బిందె నీళ్లు, వాటి లక్షణాలు నాలుగు ఇచ్చి, ఇందులో ఏమేమి ఉండవచ్చు, ఏ వరసలో విడదీస్తావు, ఏ మెట్టు దగ్గర నీ పద్ధతి చాలదు అని అడగాలి. అలా అడిగిన ఏడాదే తరగతి గదుల్లో బోధన మారుతుంది, ఎందుకంటే మన దగ్గర పేపర్లో వచ్చేదే బోర్డు మీదికి వస్తుంది.

రెండో పని ఇంకా తేలిక. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో నీటి పరీక్ష కిట్లు ఇచ్చి, ఊరికి అయిదుగురు మహిళలకు వాటిని వాడటం నేర్పే ఏర్పాటు ఉంది. ఫ్లోరైడ్ పరీక్షలో మందు చుక్కలు వేస్తే నీళ్ల గులాబీ రంగు ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పసుపు వైపు తిరుగుతుంది. పక్కన పెట్టిన రంగుల పట్టీతో పోల్చి అంకె చెప్పవచ్చు. ఆ మహిళలను ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి, ఊరి హైస్కూలుకు పిలవాలి. తొమ్మిదో తరగతి పిల్లలు వాళ్ల పక్కన నిలబడి బడి బోరును, వాటర్ ప్లాంటును, తమ ఇళ్ల కుళాయిలను పరీక్షించి, తేదీతో సహా అంకెలు బడి గోడ మీద రాయాలి. కిట్టు రంగు కచ్చితమైన కొలత కాదు, పిల్లల చూపులో పొరపాటు రావచ్చు. హద్దు దాటినట్టు కనిపించిన ప్రతి నమూనాను సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపాలి. అక్కడి అంకె వచ్చాక దాన్ని కూడా అదే గోడ మీద, పిల్లల అంకె పక్కనే రాయాలి.